రసూల్ సార్ పాఠంలో పాప

పొయ్యికి దూరం జరిగేకొద్దీ వేడి తగ్గుతుంది. ఇది తెలుసుకోవడానికి కాలేజీకి పోనక్కర్లేదు, జొన్నరొట్టెలు కాల్చే ఎవరిని అడిగినా చెబుతారు. సూర్యుడి దగ్గర మాత్రం ఈ లెక్క అడ్డం తిరుగుతుంది. సూర్యుడి ఒంటి మీద వేడి ఐదారు వేల డిగ్రీలు. ఆ ఒళ్లు దాటి పైకి పోతే, చుట్టూ పలచగా పరుచుకున్న పొరలో పది లక్షల డిగ్రీలు. పొయ్యి కంటే పొయ్యి మీది గాలి వేడిగా ఉంటుందా ఎక్కడైనా? ఆ వేడిని అంత పైకి మోసుకుపోయిందెవరు?

డోన్ జంక్షన్‌లో రైలు దిగి రసూల్ సార్ ఇల్లెక్కడని అడిగితే, దారి చూపించే ముందు ఈ పొడుపుకథ మన మీద వేసి గానీ వదలరు. కిరాణా కొట్టాయన వేస్తాడు, లారీ ఆఫీసులో గుమాస్తా వేస్తాడు, టికెట్లు ఇచ్చే ఆవిడ కూడా వేస్తుంది. అందరూ ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. జవాబు సగం మందికి గుర్తుండదు, అది వేరే సంగతి.

రసూల్ సాహెబ్ ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. సాయంత్రమైతే ఇంటి ముందు బేతంచెర్ల బండలు పరిచిన అరుగు మీద వీధి పిల్లలకు ఊరికే పాఠం చెప్పేవాడు. కిటికీ ఊచకు చేంతాడు కట్టి, రెండో కొస ఒక పిల్లవాడి చేతికిచ్చేవాడు.

"ఊపు రా. గట్టిగా ఒక్క ఊపు. సూసినావా, అల పాక్కుంటా పోయె. తాడు పోయిందా? పోలా. అలే పోయింది. సూర్యుని ఒళ్లు అన్నం కుండ మాదిరి కుతకుత ఉడుకుతాంటాది. ఆయప్ప ఒంట్లో నుంచి అయస్కాంత గీతలు ఇట్ల తాళ్ల మాదిరి పైకి లేస్తాయి. కింద ఉడుకుతాంటే తాళ్లు ఊగవా? ఊగుతాయి. ఆ అలలు పైకి పోతాయి. ఇప్పుడు చెప్పు, నీ చేతికేమన్నా వేడి తగిలిందా?"

"లేదు సార్."

"మరి ఊచ కాడ ముడి సూడు. రాపిడికి పీచు లేచిపోయుండాది. నువ్వు పెట్టిన బలమంతా నీ చేతిని ముట్టకుండా ఆడికి పోయి ఆడ ఇరిగె. అదీ కత."

పిల్లవాడి తల నిమిరేవాడు. జుట్టు చెరిపేవాడు. తప్పు చెప్పినవాడి చెవి మెలిపెట్టి, అదే చేత్తో జేబులోంచి వేరుశనగ ఉండ తీసి ఇచ్చి నవ్వేవాడు. ఆ నవ్వు చూడ్డానికే పాఠానికి వచ్చే పిల్లలుండేవారు.

ఆ నవ్వు చూడని పిల్ల ఒక్కతే ఉండేది. ఆయన కూతురు ఫిరోజా.

తలుపు వెనక కూర్చుని వినేది. బయటికి వచ్చి పిల్లల్లో కూర్చుంటే తాడు ఆమె దగ్గరికి వచ్చేసరికి పాఠం అయిపోయేది. ఏ రోజైనా అంతే. కొట్టడు, తిట్టడు, ఫీజు అడిగితే ఇస్తాడు, జ్వరమొస్తే డాక్టరును ఇంటికి పిలుచుకొస్తాడు. డాక్టరు ఆమెను చూసేటప్పుడు మాత్రం ఆయన వాకిట్లో వీధివైపు తిరిగి నిలబడతాడు. పదో తరగతిలో మండలం ఫస్టు వచ్చిందని కాగితం పట్టుకుని పరిగెత్తుకొస్తే, "ఊ, మంచిది," అని కాగితం వైపు చూసి లోపలికి పోయాడు. కాగితాన్నైనా చూశాడు, కాగితం పట్టుకున్న మనిషిని చూడలేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అన్నారా పెద్దలు!

దానికి తోడు ఆ పాప ఒకతి. రసూల్ సార్ పాఠాల్లో ఎప్పుడూ ఒక పాప వచ్చేది. "ఒక పాప ఉండాది. అన్నం తినేటప్పుడు ఎవురూ సూడకుండా ముద్ద కిందేసి, ఎంత సేపట్లో పడుతుందో సూస్తాంటాది. దానికి గెలీలియో ఎవురో తెల్దు." ఇట్లా మొదలయ్యేది. ఆ పాప అద్దంలో ఎండను పట్టి గోడ మీద బల్లిని తరిమేది. నీళ్ల బిందె మీద వేలితో కొట్టి, బిందె నిండేకొద్దీ గొంతు మారుతుందని కనిపెట్టేది. పేరు మాత్రం చెప్పేవాడు కాదు. ఆ పాప సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు ఎంత మెత్తబడేదో, అంతగానూ తలుపు వెనక ఫిరోజాకు ఒళ్లు మండేది. ఏ ఇంటి పిల్లో అది. అటువంటి పనులు తనూ చేస్తుంది. తనూ ముద్ద కిందేసింది, తనూ బిందె మీద కొట్టింది. కానీ తను చేసినప్పుడు నాయన చూడలేదు కదా, ఆయన ఎప్పుడూ తనవైపు చూడడు కదా. కాబట్టి అది ఇంకెవరో.

"అమ్మా, ఆ పాప ఎవురు మా?" అని ఒకసారి అడిగింది. జైనాబ్ బీ పొయ్యిలోకి ఊదుతూ, "ఎవురో లే," అంది. పొగకో ఏమో ఆమె కళ్లు నీళ్లు కారుతున్నాయి.

పెద్దయ్యాక ఫిరోజా ఏం చదవాలో ఎవరినీ అడగలేదు. కడపలో యూనివర్సిటీలో చేరి, నాయన పొడుపుకథనే పరిశోధనగా తీసుకుంది. సూర్యుడి పై పొరను వేడెక్కించేది ఆ అయస్కాంత గీతల అలలేనా, అయితే ఎంతవరకు అని. స్నేహితురాళ్లు ఉద్యోగాలకు పోయారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని లేని సూర్యుణ్ణి అంకెల్లో కట్టి, దానిలో గీతలు లేపి, గీతలను ఊపి, ఊపిన అల ఎక్కడ విరుగుతుందో చూస్తూ ఏళ్లు గడిపింది. సైన్సు కోసమని అందరితో చెప్పేది. అబద్ధం కాదు, కానీ అసలు నిజం అంతకంటే చిన్నది. ఆ ప్రశ్నకు జవాబు పట్టుకుని ఎదురుగా పోయి నిలబడితే నాయన తన ముఖం చూడక తప్పదని ఆమె లెక్క. అంతే ఆమెకు కావాల్సింది. ఒక్కసారి, నిండుగా, ఆ వీధి పిల్లల వైపు చూసినట్టు తన వైపు చూడాలి.

సిద్ధాంత వ్యాసం పూర్తయి, వైవా తేదీ వచ్చాక డోన్‌కు వచ్చింది. రసూల్ సాహెబ్ కుర్చీలో గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. షుగర్ వచ్చాక మనిషి సగమయ్యాడు. ఫిరోజా టీ గ్లాసు పట్టుకుని ఎదురుగా పోయి నిలబడింది.

"నాయనా, వచ్చే నెల నా వైవా. మాది మేము చెప్పుకోవాల, పెద్దోళ్లు ప్రశ్నలేస్తారు. నువ్వు రావాల."

"ఊ."

"ఊ గాదు. ముందు వరసలో నీకు కుర్చీ ఏపిస్తా. ఆడ కూర్చోని నా తట్టు సూడు. ఆ ఒక్క దినమే. ఇంగెప్పుడూ ఏమీ అడగను."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "సూస్తాం లే మ్మా," అని టీ కోసం చెయ్యి చాపాడు. చెయ్యి గ్లాసుకు పక్కగా పోయింది, గ్లాసు ఒరిగి టీ బండల మీద పడింది. తను పట్టుకున్న గ్లాసు వైపు చూడ్డానికి కూడా ఈయనకు మనసు రాలేదే అనుకుంది ఫిరోజా. గుడ్డ తెచ్చి తుడిచింది. తుడుస్తూ ఏడ్చింది, ఆయన గోడవైపే తిరిగి ఉన్నాడు కాబట్టి దాచుకోవాల్సిన పని కూడా లేకపోయింది.

వైవా రోజు హాలు నిండింది. ముందు వరసలో జైనాబ్ బీ కూర్చుంది. ఆమె పక్క కుర్చీ ఖాళీ. ఆమెను కారులో తీసుకొచ్చిన తిమ్మన్న కూడా హాల్లో కనపడలేదు. తిమ్మన్నది బేతంచెర్ల, బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ నడుపుతాడు, రసూల్ సార్ పాత శిష్యుడు. ఎంతో పనున్నవాడు, సారు కూతురి వైవా అని పని మానుకుని వచ్చాడు. కన్నతండ్రికి మాత్రం తీరలేదు.

"నాయన యాడ?"

"రాల్యా మ్మా," అంది జైనాబ్ బీ, తలుపువైపు ఒకసారి చూసి.

ఫిరోజా మాట్లాడింది. బెంగళూరు నుంచి వచ్చిన పరీక్షకుడు వేసిన ప్రశ్నలకు తడబడకుండా జవాబులిచ్చింది. ఆఖర్న ఆమె గైడు గోపీనాథ్ సార్ లేచాడు. ఆయనకు ఒక అలవాటుంది. ఇంగ్లీషు తతంగమంతా అయ్యాక, ఇంటి నుంచి వచ్చినవాళ్లకు అర్థమయ్యేటట్టు మీ ఊరి మాటల్లో చెప్పమంటాడు. అట్లా చెప్పలేనివాడికి ఆ సంగతి తెలియనట్టేనని ఆయన పట్టుదల.

"ఫిరోజా, ఒక్కటి చెప్పమ్మా. అల కింద నుంచే గదా బయల్దేరేది. దారిలో కింది పొరను ఎందుకు వేడి చెయ్యదు?"

ఫిరోజా ఖాళీ కుర్చీవైపు చూసింది.

"కింది పొర శానా చిక్కగా ఉంటాది సార్. అల దాని గుండానే పోతాది గానీ, దానికి దాదాపు ఏమీ ఇయ్యదు. ఇయ్యాలని లేక గాదు, ఆడ ఇరగలేదు కాబట్టి. పైకి పోయేకొద్దీ పలచనైతాది. ఒక గీత మీద అల బిరబిరా పోతాది, పక్క గీత మీద నెమ్మదిగా పోతాది. తోడు తప్పుతాయి. తోడు తప్పి ఒకదాన్నొకటి రాసుకుంటాయి, సుడులు లేస్తాయి. సుడుల్లో సుడులు, వాటిలో ఇంకా చిన్నయి. ఆఖరికి ఆ బలమంతా ఆడ వేడైపోతాది. అలలొక్కటే సాలునా, చిన్న చిన్న పేలుళ్లు గుడక తోడుంటాయా అనేది ఇంకా ఎవురూ తేల్చలా. అలల వాటా తక్కువ గాదని నా లెక్క. అంతే సార్. పుట్టినింటిని ముట్టకుండా పోయి పరాయి చోట కాలేది ఆ వేడి."

ఆ చివరి మాట సైన్సు కాదు, ఆమెకు తెలుసు. హాలంతా చప్పట్లు కొట్టారు. డాక్టర్ ఫిరోజా అన్నారు. జైనాబ్ బీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, ఫిరోజా అది సంతోషం అనుకుంది.

మరుసటి రోజు ఆయనే ఫోన్ చేశాడు. "బాగ జరిగిందంట గదా మ్మా. మంచిది."

అన్నేళ్ల కోపం ఒక్కసారిగా నోటికొచ్చింది. "ఎవురో చెప్తే వినేదానికి నువ్వెందుకు నాయనా? పక్కింటోళ్ల బిడ్డ పాసైతే పోయి తల నిమిరొస్తావు. ఊరందురికీ నాయనవు, నాకే గాదు. నన్ను సూడని కండ్లు ఉంటేనేం, పోతేనేం!"

 "సరే మ్మా," అన్నాడు అటునుంచి. ఫిరోజానే ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఎండాకాలం పోయింది, వానలు రావాల్సిన నెలలు వానలు లేకుండానే పోయాయి, ఆమె డోన్ వైపు తిరిగి చూడలేదు. యూనివర్సిటీలోనే చిన్న ఉద్యోగం దొరికింది. అమ్మ ఫోన్ చేస్తే ముక్తసరిగా మాట్లాడేది, నాయన ఊసు తెస్తే పెట్టేసేది. తండ్రి మొండితనం బిడ్డకు రాక ఎవరికొస్తుంది!

ఒకరోజు జైనాబ్ బీ, "మీ నాయన గడప తట్టుకోని పడినాడు, తుంటి ఇరిగింది. రా మ్మా," అంది. ఈసారి ఫిరోజా పెట్టేయలేకపోయింది. నంద్యాలలో బండి మారి వస్తుంటే తిమ్మన్న ఫోన్ చేసి, బేతంచెర్లలో దిగు, నేను కార్లో తీసుకపోతా అన్నాడు. స్టేషన్ బయట కారు పెట్టుకుని నిలబడ్డాడు. ఒంటి నిండా బండల దుమ్ము. దారి పొడుగునా బండల లోడు లారీలు, వాటి వెనక కారు నెమ్మదిగా పోతోంది.

"ఆ దినం నీకు చెప్పద్దని సార్ ఒట్టేపించుకున్న్యాడు మ్మా. ఇంగ నా వల్ల గాదు," అన్నాడు తిమ్మన్న, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నీ వైవాకు సార్ వచ్చినాడు. హాలు బయట, తలుపు పక్కన స్టూలు మింద కూర్చోని, గోడ తట్టు తిరుక్కోని మొత్తం ఇన్న్యాడు. ఆయప్ప చెయ్యి నా చేతిలోనే ఉండె. నువ్వు తెలుగులో చెప్తాంటే నా చెయ్యి ఎట్ల పిసికినాడంటే, ఎముకలు ఇరుగుతాయనుకుంటి. 'ఇన్న్యావా తిమ్మన్నా, ఆ పాప ఎట్ల చెప్తాండాదో ఇన్న్యావా,' అన్న్యాడు."

"ఏ పాప?"

"పాఠంలో పాప మ్మా. మేమంతా ఎవురో అనుకుంటిమి. నువ్వే."

ఫిరోజా కిటికీలోంచి బయటికి చూసింది. ముద్ద కిందేసిన పాప. బిందె మీద కొట్టిన పాప. అయితే ఆయన చూశాడు. ఎవరూ లేరనుకున్నప్పుడల్లా ఆయన ఎక్కడో ఉండి చూశాడు.

"మరి లోపలికెందుకు రాల్యా అన్నా? ఒక్క కుర్చీ. ఒక్క కుర్చీ అడిగినా నేను."

"అది మీ అమ్మను అడుగు. నాకు తెలిసింది ఇంగొకటుండాది." తిమ్మన్న కారు రోడ్డు పక్కకు తీసి ఆపాడు. "సార్ చెయ్యి నేను పట్టుకునింది ఊరికే గాదు. అప్పుటికే ఒక కన్ను పూర్తిగా పోయింది, ఇంగొకటి మసక. షుగర్ కండ్లకెక్కింది. కర్నూల్లో డాక్టరు ఇంజెక్షన్లు ఏపిచ్చుకుంటే ఆ ఒక్కటీ నిలబడతాదన్న్యాడు. నీ వైవా అయిన వారానికి రమ్మన్న్యాడు. నేను కారు తీసుకోని ఇంటి ముందరకు పోతి. సార్ రానన్న్యాడు. ఎన్ని మాట్లు పోయినా అంతే. ఇప్పుడు రెండూ లేవు మ్మా."

నీ వైవా అయిన వారానికి. ఫోన్లో తను అన్న మాటకు వారం కూడా కాలేదు అప్పటికి. ఫిరోజా కారు తలుపు తీసుకుని దిగి, రోడ్డు పక్కన దుమ్ములో కూర్చుండిపోయింది. లారీలు పోతున్నాయి. తిమ్మన్నకు ఏం చెయ్యాలో తెలియక నీళ్ల సీసా మూత తీసి పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

ఇంట్లో జైనాబ్ బీ వాకిట్లోనే కూతుర్ని ఆపింది. అరుగు మీద కూర్చోబెట్టింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని అన్నేళ్లు నోరు కుట్టుకున్న మనిషి, ఆ మధ్యాహ్నం విప్పింది.

"నీకు ముందర మీ అన్న ఉమర్ ఉండె, తెలుసు గదా నీకు. జొరమొచ్చి పోయినాడని చెప్పింటి. ఎట్ల పోయినాడో చెప్పలా. రంజాన్ పండగ దినం. మూడేండ్లు కూడా నిండలా వానికి. కొత్త జుబ్బా ఏసి మీ నాయన భుజాన ఎక్కించుకోని బజారంతా తిరిగినాడు. కనపడినోళ్లందురినీ ఆపి, 'సూడండప్పా నా కొడుకును, ఇట్లాంటి బిడ్డను యాడన్నా సూసినారా,' అన్న్యాడంట. ముద్దుల మింద ముద్దులు. పొద్దు గుంకేలోపల జొరం. కర్నూలు పెద్దాసుపత్రికి ఎత్తుకపోతిమి. మెదడువాపన్న్యారు. మళ్ల బిడ్డను గుడ్డలో సుట్టుకోనే తెచ్చుకుంటిమి."

"అది జబ్బు మా."

"జబ్బే. మీ నాయనకు తెలీదా? కానీ మీ జేజి, మీ నాయన తల్లి, ఆ శవం కాడ అనేసె. నరుని కంటికి నాపరాయే పగుల్తాది, కన్నోళ్ల కన్ను అంతకంటే చెడ్డది, నీ కన్నే రా బిడ్డను తినింది అని. కడుపు మంటలో అన్న మాట. మీ నాయన బదులు చెప్పలా. ఆమెతో వాదించలా. నువ్వు పుట్టినాక ఎత్తుకోమని చేతికిస్తే, కండ్లు మూసుకోని నా ఒళ్లోనే పెట్టేసె. 'దీన్ని నేను సూడను జైనాబ్. ఇదన్నా బతకనీ,' అన్న్యాడు."

 ఫిరోజాకు కోపం వచ్చింది, జాలి వచ్చింది, ఏది ముందు వచ్చిందో ఆమెకే తెలియలేదు. లేచి లోపలికి పోయింది.

గోడకు ఆనించిన మంచం మీద రసూల్ సాహెబ్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అడుగుల చప్పుడు విని తల ఎత్తబోయాడు.

"వచ్చినావా మ్మా."

నడక తెలుసు ఆయనకు. ఫిరోజా మంచం పక్కన కింద కూర్చుంది. ఎన్నో అడగాలనుకుంది, మొదట నోటికొచ్చింది మాత్రం పోట్లాటే.

"నువ్వు ఫిజిక్స్ చెప్పిన మనిషివి గదా నాయనా! దిష్టి లేదు, గాలి లేదు, ధూళి లేదని ఊరందురికీ చెప్తివి. గ్రహణం దినం పిల్లోళ్లను అరుగు మింద కూర్చోబెట్టి మిట్టాయిలు తినిపిస్తివి!"

"చెప్పినా మ్మా. అంతా నిజమే చెప్పినా. కన్నులోనుంచి ఏమీ బయటికి రాదు. వెలుతురు లోపలికి పోతాది, అంతే." కాస్త ఆగాడు. "తెలుసు. కానీ ఒకవేళ నేను చెప్పింది తప్పైతే? ఏ ప్రయోగమన్నా చేసి సూసే రకమే నేను. నిన్ను పెట్టి చేసేదానికి ధైర్యం సాల్యా."

ఫిరోజా మంచానికి ఇంకాస్త దగ్గరగా జరిగింది. 

"మరి కండ్లు? ఇంజెక్షన్లు ఏపిచ్చుకోకుండా ఎందుకుంటివి? నేను ఫోన్లో అన్న్యాననా?"

"ఛ, ఛ. నీ మాటకు గాదు మ్మా. అంతకు ముందే అనుకున్నా."

అది నిజమో, తన కోసం చెప్పిన అబద్ధమో ఫిరోజాకు ఆ రోజూ తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

"ఏమనుకుంటివి?"

"ఈ కండ్లు పోతే నిన్ను దగ్గరికి పిల్చుకోవచ్చు అనుకున్నా," అన్నాడు రసూల్ సాహెబ్. సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. "ఇంగ భయమేముండాది? సూపు లేనోని దిష్టి ఎవురికి తగుల్తాది? రా మ్మా, ఇట్ల రా."

చెయ్యి చాపాడు. ఫిరోజా ఆ చేతిని తీసుకుని తన చెంపకు ఆనించుకుంది. ముప్పై ఏళ్ల మనిషి, చిన్నపిల్లలా ఏడ్చింది. ఆయన వేళ్లు భయంభయంగా కదిలాయి. నుదురు, కనుబొమలు, ముక్కు. ఆయన ముఖం ఆమె వైపే తిరిగి ఉంది, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

"నీ జడ తెలుసు నాకు. నువ్వు పుస్తకంలో తల దూర్చినప్పుడు యెనకనుంచి సూసేటోన్ని. నీ నడక తెలుసు, నీ గొంతు తెలుసు. మొగమే, నువ్వు పెద్దయినంక, నిండుగా ఎప్పుడూ సూడలా." వేళ్లు ఆమె గడ్డం దగ్గర ఆగాయి. "చెప్పు మ్మా. ఎవురి పోలిక నువ్వు?"

ఫిరోజా ఊపిరి పీల్చుకుంది.

"నీ పోలికే నాయనా. అచ్చం నువ్వే."

అప్పుడు చూసింది ఆమె ఆ నవ్వును. అరుగు మీద వీధి పిల్లలందరూ చూసిన నవ్వు, ఇంత దగ్గరగా, తన కోసం. ఆయన పెదవులు కదిలాయి. ఏదో అనబోయాడు, ముద్దుగా, మురిపెంగా ఏదో మాట. ఆ మాట నోటి దాకా వచ్చింది.

అంతలోనే నవ్వు ఆగిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ గుడ్డి కళ్లు రెండూ గట్టిగా మూసుకుని, విరిగిన తుంటి నొప్పికి పళ్లు కరుచుకుంటూ, నెమ్మదిగా గోడవైపు తిరిగాడు.

"నాయనా," అంది ఫిరోజా. "నీకు కనపడదు గదా నాయనా."

"అవును మ్మా," అన్నాడు గోడతో.  "కనపడదు. అయినా ఎందుకులే."

ఫిరోజా లేచింది. ఆ పక్కకు పోయి ఎదురుగా కూర్చుందామనుకుంది. మంచానికి ఆ పక్క గోడే ఉంది, మనిషి పట్టే చోటు లేదు.